పిడి లోపల

"కత్తిని కర్రతో కొట్టేవాణ్ణి ఏమంటారు చెప్పండి?" అని మేనేజరు మళ్లీ అడిగాడు. ఈసారి అడిగింది గ్యాస్ బండ తెచ్చినతన్ని. ఆ మనిషికి ఏ కత్తో, ఏ కర్రో తెలియదు. పెద్దమనిషి నవ్వుతున్నాడు కాబట్టి తనూ ఓ నవ్వు నవ్వి, ఖాళీ బండ భుజానికెత్తుకుని తన దారిన తను పోయాడు.

స్టోరు గదిలో తాళ్లు చుడుతున్న ఆమెకు ఆ మాట వినపడింది. వినపడాలనే అన్నాడు. చేతిలో చుట్ట విడిపోయి తాడు నేలంతా పరుచుకుంది. మళ్లీ మొదటినుంచి చుట్టడం మొదలుపెట్టింది.

ఊరు అయిపోయి అడవి మొదలయ్యేచోట ఉంది ఆ శిబిరం. పట్నం జనం సెలవుల్లో వచ్చి, అగ్గి రాజేయడం, కొమ్మలతో గూడు కట్టుకోవడం, కట్టెలు చీల్చుకోవడం నేర్చుకుని, ఒంటినిండా దోమకాట్లతో, అంతకు మించిన గర్వంతో తిరిగి వెళతారు. ఆమెది సామాన్ల బాధ్యత. నేర్పేవాళ్లలో ఆమె మరిది ఒకడు. కిందటి నెల అతను కట్టె చీల్చి చూపిస్తుండగా కత్తి పిడి దగ్గర పుటుక్కున విరిగింది. ఊడిన అలుగు ఎడమ అరచేతిని అడ్డంగా కోసింది. గాయమైతే మానింది గానీ చివరి రెండు వేళ్లు ఇంకా పూర్తిగా ముడుచుకోవు. తప్పు కత్తిది కాదు, కొట్టినవాడిదేనని మేనేజరు తేల్చేశాడు. తేల్చి, అతన్ని ఇంటి దగ్గరే ఉండమన్నాడు.

కట్టె తల మీద కత్తిని ఆనించి, కత్తి వీపు మీద కర్రతో నాలుగు దెబ్బలు వేస్తే కట్టె నిలువునా చీలుతుంది. గొడ్డలి మోసుకెళ్లలేనిచోట ఎవరైనా చేసే పనే. ఆ శిబిరంలో అందరూ అలాగే చీల్చేవారు, వచ్చినవాళ్లకు అలాగే నేర్పేవారు. చెయ్యి తెగిన మర్నాటినుంచి మాత్రం అలాంటిది తమ ఇంటావంటా లేనట్టు ముఖాలు పెట్టారు. మరిదికి ఆ పని చేయిపట్టి నేర్పిన పొడుగాయన కూడా "గొడ్డలి వాడాల్సింది" అని గొణిగి, కట్టే ఉన్న బూటు తాళ్లు మళ్లీ కట్టుకోవడానికి వంగాడు. ఉద్యోగం ఎవరికి చేదు? అయినా ఆమెకు మేనేజరు కంటే ఆ పొడుగాయన మీదే ఎక్కువ కోపంగా ఉంది.

మేనేజరు స్టోరు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "శనివారం ఓనరు మేడమ్ వస్తున్నారమ్మా. కొత్త కత్తులు కొనాలి. మడతకత్తులు కాదు, మడవనివి. ఓ మూడు నాలుగు రకాలు తెచ్చిపెట్టు, చూసి ఒకటి ఖాయం చేస్తాం. మరీ ఖరీదైనవి వద్దు. అలాగని చెత్తా వద్దు. గిట్టుబాటుగా ఉండాలి."

"నేనా సార్?"

"మరి? సామాన్లు చూసేది నువ్వేగా. కూరలు తరిగే కత్తి కాదు సుమా, గుర్తుపెట్టుకో." తన చమత్కారానికి తనే నవ్వుకున్నాడు. "అన్నట్టు, మీ మరిది చోటు సంగతీ ఆ రోజే తేలిపోతుంది. ఇంకొకతన్ని చూసిపెట్టాను."

పాత కత్తులు కొన్నది మీరే కదా సార్ అన్న మాట ఆమె గొంతుదాకా వచ్చింది. తన జీతమూ ఇక్కడిదే. మాట అక్కడే ఆగిపోయింది. ఆయన వెళ్లాక పై అరలో, గుడారం గుడ్డల వెనక, పాత తువ్వాలులో చుట్టి దాచిన విరిగిన కత్తిని తీసి చూసింది. వీపున రంపంపళ్లు, నల్లటి నిగనిగ, పిడి చివర మూతలో బొత్తామంత దిక్సూచి. కొత్తలో వీటిని చూసి అందరూ ముచ్చటపడ్డారు. ఆమె కూడా పడింది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి మరిది పెరటి మెట్టు మీద కూర్చుని కమలాపండును పళ్లతో చీలుస్తున్నాడు. రసం గడ్డం మీదినుంచి కారుతోంది.

"ఏం వదినా, ముఖం చిటపటలాడుతోంది? మా అన్నయ్య ఏమైనా అన్నాడా?"

"మీ అన్నయ్యకి నన్ను అనేంత ధైర్యం కూడానా? కత్తులు కొనమన్నారు నన్ను. రేపు బజారుకి వెళ్తున్నాను, నువ్వూ రా."

"నేనెందుకులే." అతను తొక్కను దూరంగా విసిరాడు. "తోక చూసి కొను, చాలు."

అలుగు పిడిలోకి దిగే భాగాన్ని శిబిరంలో తోక అంటారు. "తోక పిడి చివరిదాకా ఉండాలి. వీపు నున్నగా, చదరంగా ఉండాలి, రంపంపళ్లూ గింపంపళ్లూ ఉండకూడదు. మరీ మందం వద్దు, మరీ పొడుగూ వద్దు. ఒరలోంచి తలకిందులుగా పట్టుకున్నా జారిపడకూడదు." పాఠం అప్పజెప్పినట్టు గడగడా చెప్పాడు గానీ, చెప్పినంతసేపూ గోడ మీద పాకుతున్న చీమలనే చూశాడు.

లోపల బనీను విప్పి దులుపుతున్న భర్త ఇదంతా విన్నాడు. ఆయన బస్సు నడుపుతాడు. రోజంతా హారన్లు విని వచ్చిన మనిషికి ఇంట్లో చప్పుడు ఉండకూడదు. "కొనమన్నారు, కొనిపెట్టు. అంతవరకే. వాళ్లతో వాదన పెట్టుకోకు. ఊరుకున్నంత ఉత్తమం, బోడిగుండంత సుఖం లేవన్నారు."

"మీకు రెండూ ఉన్నాయి, మీరు సుఖపడండి" అంది ఆమె, ఆయన బట్టతల వైపు చూసి. మరిది పెరట్లోంచి పకపకా నవ్వాడు. భర్త కూడా నవ్వేశాడు. ఆమెకే నవ్వు రాలేదు. పొయ్యి మీద టీ పొంగి మంట ఆరిపోయింది. అది కూడా ఎవరో చెబితేగాని చూసుకోలేదు.

మర్నాడు బస్సు దిగాల్సినచోట దిగకుండా ముందుకి పోయి, వెనక్కి నడిచింది. మొదట పెద్ద వీధిలోని అద్దాల దుకాణానికి వెళ్లింది. గుడారాలు, బూట్లు, అన్నీ కొత్త రబ్బరు వాసన. టై కట్టుకున్న అమ్మకందారు కత్తిని వెల్వెట్ గుడ్డ మీద పెట్టి, ఓ కాయితం పట్టుకుని సర్రున కోసి చూపించాడు.

"అడవిలో కాయితాలు ఉండవు కదండీ" అంది ఆమె. "దీనికి తోక ఉందా?"

ఆయన కత్తి వైపు చూశాడు. పెట్టె తిప్పి వెనకాల చూశాడు. "తోక ఉన్నట్టు రాయలేదు మేడమ్. కావాలంటే కంపెనీవాళ్లని అడిగి తెప్పిస్తాను."

ధర అడిగితే గుండె గుభేలుమంది. కొనబోతే కొరివి అంటే ఇదే. అయినా నాసిరకం కాదు కదా అని, సరిచూసుకోవడానికి ఒకటి, నచ్చకపోతే వెనక్కి ఇచ్చే షరతు మీద తీసుకుంది. ఇంకో కొట్లో బాగా మందపాటిది దొరికింది. చేతిలోకి తీసుకుంటే మణికట్టు కిందికి వాలింది. దాంతో పుల్ల చెక్కడం అంటే రోకలితో చెవి గోక్కోవడమే. అదీ తీసుకుంది, చూడ్డానికి ఒకటి ఉండాలి కదా అని. కాళ్లు పీకుతున్నాయి. ఒక్కచోట నిలబడలేకపోతోంది. ఏ కొట్లో ఉన్నా పక్క కొట్లోనే మంచిది ఉన్నట్టు అనిపిస్తోంది. ఇంతా తిరిగి మంచి కత్తి తెస్తే ఏమవుతుంది? ఆ మంచి కత్తిని ఎవడో కొత్తవాడు నడుముకి కట్టుకుంటాడు. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా నడక వేగం పెరుగుతోంది.

ఇనప సామాన్ల సందులో ఆఖరి కొట్టు ఒక లావుపాటి ఆవిడది. మేకుల డబ్బాల మధ్య ఎత్తు పీట వేసుకుని, ఒక చేత్తో విసురుకుంటూ ఇంకో చేత్తో త్రాసు సర్దుతోంది. ఆవిడ డబ్బాల వెనకనుంచి తీసిన కత్తి చూడ్డానికి ఏమంత లేదు. జానెడు లేదు అలుగు. పిడికి అటొకటి ఇటొకటి చెక్కలు, మూడు రివిట్లు. చెక్కల మధ్యలో ఇనుము, రెండు రొట్టె ముక్కల మధ్య జాములాగా, పిడి చివరిదాకా కనిపిస్తోంది. తోక దాచుకోలేదు.

"తుప్పు పడుతుందా?"

"పడుతుంది. పట్టదని చెబితే నా నోట్లోనే పురుగులు పడతాయి. వాడాక తుడిచి, చుక్క నూనె రాస్తే ఏళ్లు వస్తుంది. ఆ నిగనిగలాడేవాటికి పదును పోతే పోయిందే. దీన్ని ఏ రాయి మీద నూరినా వస్తుంది."

"గట్టిదేనా?"

ఆవిడ విసనకర్ర పక్కన పడేసింది. పీట కింద ఉన్న కట్టెపేడు ఒకటి తీసి నేల మీద నిలబెట్టి, దాని మీద కత్తి పెట్టి, తలుపుకి అడ్డం వేసే కర్ర అందుకుని టకటకా నాలుగు దెబ్బలు వేసింది. పేడు రెండైంది. "ఎంత కొట్టినా కిక్కురుమనదు తల్లీ. మా ఆయన కంటే నయం."

ఆమె కత్తిని చూడలేదు. ఆవిడ చేతిలోని కర్రనే చూస్తూ ఉండిపోయింది. "అలా కర్రతో కొట్టాలని మీకెవరు చెప్పారు?"

"చెప్పేదేముంది? చీలాలంటే కొట్టాలి. ఇదేమైనా పెద్ద చదువా?"

ఆమె ధర కూడా సరిగ్గా బేరమాడకుండా కత్తి తీసుకుని వచ్చేసింది. దారి పొడుగునా ఆ టకటక చెవుల్లోనే ఉంది.

ఆ సాయంత్రం పెరట్లో మూడు కత్తులూ వరసగా పెట్టింది. భర్త టీ గ్లాసుతో వచ్చి, చెక్కపిడి కత్తిని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. మగవాళ్లకి కత్తి కనిపిస్తే చేతులు ఊరుకోవు. మూల ఉన్న విరిగిన పెట్టె చెక్క ఒకటి లాగి, దాని మీద కత్తి ఆనించి నొక్కాడు. దిగలేదు. గ్లాసు కింద పెట్టి చుట్టూ చూశాడు. బట్టలు ఉతికే కర్ర కనిపించింది. తీసుకుని ఠపీమని ఒక్కటి వేశాడు.

ఆ చప్పుడుకి మెట్టు మీద కూర్చున్న మరిది లేచి లోపలికి వెళ్లాడు. మంచినీళ్లకేమో అనుకుంది ఆమె.

"మీరెందుకు కొట్టారు?" అని భర్తను నిలదీసింది.

"ఎందుకేమిటే? చీలుతుందేమోనని."

"మిమ్మల్ని ఎవరైనా కొట్టమన్నారా?"

"ఏమిటీ ప్రశ్నలు? కొట్టకపోతే ఊరికే చీలుతుందా?" ఆయన కోపం నటించాడు. ఆమె ఫక్కున నవ్వింది. ఈ మధ్యకాలంలో నవ్వడం అదే మొదలు. కర్రకి భయపడేవాళ్లు ఉంటారేమో గానీ, కట్టె మీద కత్తి ఇరుక్కున్నాక కర్ర కోసం వెతకనివాళ్లు ఉండరు. మేనేజరు కూడా మనిషే.

శనివారం పొద్దున ఆమె అందరికంటే ముందు శిబిరానికి వెళ్లింది. చావడిలో బల్ల తుడిచి, దాని మీద కత్తుల్ని ఒరలతో సహా పేర్చింది. బల్ల పక్కన ఎండిన దుంగ ముక్క నిలబెట్టింది. గొడ్డలిని గోనెసంచుల వెనక్కి తోసింది. పిడికిటికి సరిపోయే కర్ర ఒకటి ఏరి, దుంగకు ఆనించి పెట్టింది. దూరంగా వెళ్లి చూసింది. కావాలని పెట్టినట్టు ఉంది. తీసి నేల మీద పడుకోబెట్టింది. మరీ దూరమైంది. మళ్లీ దగ్గరికి జరిపింది. చేతులకంటిన మట్టి చీర కొంగుకి తుడుచుకుంది. తను చేస్తున్నది మోసమా అని ఒక్క క్షణం అనుమానం వచ్చింది. కర్ర పెట్టడం వరకే తన పని, ఎత్తడం ఆయన ఇష్టం అని సర్దిచెప్పుకుంది.

యజమానురాలు నడివయసు మనిషి. తక్కువ మాట్లాడుతుంది, ఎక్కువ చూస్తుంది. పట్నంలోనే ఉండి లెక్కలు చూసుకోవడమే గానీ ఈ పనులు ఆవిడకి తెలియవు. నేర్పేవాళ్లంతా గోడవారన నిలబడ్డారు, పొడుగాయన అందరి వెనక.

"ఏది మంచిది?" అని ఆవిడ అడిగింది.

ఆమె ఒక్కో కత్తి గురించి చెప్పబోయింది. మేనేజరు చెయ్యెత్తి ఆపాడు. "నువ్వుండమ్మా. చెప్పడం కాదు, చేసి చూపిస్తేనే మేడమ్‌కి తెలుస్తుంది." అద్దాల దుకాణం కత్తి తీసి చూసి, ధర విని పక్కన పెట్టాడు. మందపాటిదాన్ని ఎత్తి, "ఇది కత్తా, గునపమా?" అన్నాడు. అందరూ నవ్వారు. మిగిలింది చెక్కపిడిది.

దాంతో దుంగ బెరడు చెక్కాడు. సన్నటి పొరలు ఉంగరాలు తిరిగి రాలాయి. "పదును బాగుంది." యజమానురాలు తల ఊపింది. "లోపలికి దిగుతుందా?" అంది.

"దిగకేం!" ఆయన కత్తిని దుంగ తల మీద ఆనించి రెండు చేతులతో అదిమాడు. వేలెడు దిగి ఆగింది. ఇంకా అదిమాడు. లాగబోయాడు, రాలేదు. నుదుట చెమట పట్టింది. ఆవిడ చూస్తూనే ఉంది. ఆయన ఒక చెయ్యి పిడి మీదే ఉంచి, దుంగ వైపునుంచి చూపు తిప్పకుండానే వంగి, రెండో చేత్తో నేల తడిమాడు. కర్ర దొరికింది.

టక్. టక్. టక్. దుంగ పెటపెటమని నోరు తెరిచింది. ఇంకో దెబ్బకి రెండు చెక్కలై చెరోవైపు పడింది. లోపలంతా పొడిగా, తేనెరంగులో ఉంది.

"చూశారా మేడమ్!" అన్నాడు మేనేజరు, రొప్పుతూ. ముఖం వెలిగిపోతోంది.

అందరి కళ్లూ ఆయన చేతిలోని కర్ర మీదే ఉన్నాయి. ఎందుకో తెలియక ఆయన అందరి వంకా చూశాడు. తర్వాత తన చేతి వంక చూసుకున్నాడు. కర్రను మెల్లగా బల్ల మీద పెట్టాడు, అది తనది కాదన్నట్టు.

వెనకనుంచి పొడుగాయన గొంతు సవరించుకున్నాడు. "మేమందరం అలాగే చీలుస్తాం మేడమ్. ఆ అబ్బాయికి నేర్పింది కూడా నేనే."

యజమానురాలు ఆమె వైపు తిరిగింది. "మీ మరిది కొట్టింది కూడా ఇలాగేనా?"

"దెబ్బ అదే మేడమ్. కత్తే వేరు." సంచిలోంచి తువ్వాలు మూట తీసి విప్పింది. విరిగిన కత్తి పిడి మూత తిప్పి, బల్ల మీద బోర్లించింది. చిన్న అగ్గిపుల్లలు, ఓ చేపల గాలం, చుట్టిన దారం రాలాయి. "తోక ఉండాల్సినచోట ఇవి పెట్టారు మేడమ్. పైన పటారం, లోన లొటారం."

"నేను మెల్లగా కొట్టాను మేడమ్, అతను గట్టిగా..." అన్నాడు మేనేజరు. మాట సగంలోనే పలచబడిపోయింది.

ఆవిడ అగ్గిపుల్ల ఒకటి తీసి వేళ్ల మధ్య తిప్పింది. "ఇవి కొన్నదెవరు?" అని అడిగి, జవాబు కోసం చూడలేదు. "ఈ చెక్కపిడివే తెప్పించండి. ఆ అబ్బాయిని సోమవారం నుంచి రమ్మనండి. ఆస్పత్రి ఖర్చు సంగతి నాతో మాట్లాడమనండి" అని చెప్పి, మిగతా గదులు చూడ్డానికి వెళ్లిపోయింది.

ఆమెకు బస్సు కోసం నిలబడే ఓపిక లేకపోయింది. సగం దూరం నడిచి, సగం పరిగెత్తి ఇల్లు చేరింది. సంచిలో చెక్కపిడి కత్తి నడుముకి తగులుతూ వచ్చింది. మరిది పెరటి మెట్టు మీదే ఉన్నాడు. ఊపిరి అందకుండానే అంతా చెప్పింది. మేనేజరు కర్ర కోసం ఎలా తడిమాడో వంగి చేసి చూపించింది.

అతను నవ్వాల్సినచోట నవ్వాడు. "సోమవారమా? ఈ సోమవారమేనా?" అన్నాడు.

"మరి ఏ సోమవారం? ఇదిగో, నువ్వు చెప్పిన తోక. చూడు."

కత్తిని అతని ఒళ్లో పెట్టబోయింది. అతను చటుక్కున మోకాళ్లు పక్కకి తిప్పుకున్నాడు. కత్తి మెట్టు మీద పడింది. అతను దాన్ని తీయలేదు. పక్కనే సగం చీల్చిన కమలాపండు ఉంది, తొక్క మీద పంటిగాట్లు.

అప్పుడు ఆమెకు కళ్లు తెరుచుకున్నట్టయింది. పండును పళ్లతో చీల్చడం, పొట్లం దారం కూడా కత్తితో కోయకుండా తన దగ్గరికి తెచ్చి తెంపించుకోవడం, బజారుకి రానని తప్పించుకోవడం, ఆ దెబ్బ చప్పుడుకి లేచి లోపలికి పోవడం. తెగింది ఎడమ చెయ్యి. కుడి చేతికి ఏమైంది?

"కుడి చెయ్యి బానే ఉంది కదా?" అని అడిగింది మెల్లగా.

"బానే ఉంది." అతను గోడ చీమల వంక చూశాడు. "విరిగినప్పటి చప్పుడుంది చూడు వదినా, అది పోవట్లేదు. ఎవరైనా పెన్ను మూత తీసినా అదే వినపడుతోంది. పదిమంది ముందు కత్తి పట్టుకుని చెయ్యి వణికితే ఏం నేర్పుతాను? వాళ్లు రావద్దన్నప్పుడు, నిజం చెప్పొద్దూ, హమ్మయ్య అనుకున్నాను."

ఆమెకు ముందు ఒళ్లు మండింది. తను కాలికి బలపం కట్టుకుని తిరిగింది ఎందుకు? వెంటనే సిగ్గేసింది. ఊరంతా తిరిగి కత్తికి తోక ఉందా అని అడిగింది గానీ, ఇంట్లో ఉన్నవాణ్ణి ఎలా ఉన్నావని ఒక్కసారీ అడగలేదు. పెట్టె చెక్క ఒకటి లాక్కొచ్చి, చీర కుచ్చిళ్లు దోపుకుని కింద కూర్చుని, కత్తి తీసి దాని మీద పెట్టింది.

"ఏం చేస్తున్నావు?"

"చీలుస్తున్నాను. బట్టల కర్ర ఇలా పడెయ్."

"అలా కాదు వదినా! వేలు తీయి, ముందు ఆ వేలు తీయి. మొన కట్టె దాటి బయటికి రావాలి, కొట్టేది దాని మీద. అయ్యో, పిడి అంత గట్టిగానా, దాని పీక నులుముతావా ఏంటి? వదులుగా పట్టుకో. పక్కకి వంచకు." అతను మెట్టు దిగి వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. ఆ రెండు వేళ్లు ముడవని చేత్తోనే ఆమె మణికట్టు సరిచేశాడు.

"నా రెండు చేతులూ దీన్ని పట్టుకోవడానికే సరిపోయాయి. కొట్టేదెవరు?"

అతను కర్ర వంక చూశాడు. "విరిగితే?"

"విరిగితే తెగేది నా చెయ్యి. మేనేజరు మాత్రం మళ్లీ నిన్నే అంటాడు, ఆ బాధ పడు."

అతని నోట నవ్వూ ఏడుపూ కాని చప్పుడొకటి వచ్చింది. కర్ర అందుకున్నాడు. చెయ్యి నిజంగానే వణుకుతోంది. ఆమెకు కూడా భయం వేసింది. అరచేతులు చెమర్చి పిడి జారుతున్నట్టు అనిపించింది. చెయ్యి మాత్రం తీయలేదు.

మొదటి దెబ్బ తగిలీ తగలనట్టు పడింది.

"అది దెబ్బా? దోమను తోలుతున్నావా?"

రెండోది గట్టిగా పడింది. చెక్క పెటిల్లున చీలింది. ఆ చప్పుడుకి అతను కళ్లు మూసుకున్నాడు. తెరిచి, ముందు ఆమె చేతుల్ని చూశాడు, ఇటు తిప్పి, అటు తిప్పి. తర్వాత కత్తిని చూశాడు. అలుగు పిడిలోనే ఉంది.

ముంజేత్తో ముఖం తుడుచుకుని, "ఇంకో చెక్క పెట్టు వదినా" అన్నాడు.